పట్టణ తోటలో ఇంటర్న్‌షిప్: విశాఖలో ఎలా మొదలుపెట్టాలి, ఏం నేర్చుకోవాలి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. ఆ తర్వాతి రోజులు మా వీధిలో ఎవరూ మరిచిపోలేదు. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. దుకాణంలో మిగిలిన నాలుగు బంగాళాదుంపలను అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాం. వీధి చివర ఒక మామ్మగారి పెరట్లో నేల మీద పాకిన బచ్చలి తీగ మాత్రం గాలికి పోలేదు. ఆవిడ ఆ ఆకు కోసి ఇంటికో గుప్పెడు పంచారు. పట్టణంలో తోట ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ రోజు తిన్న బచ్చలాకు పప్పు గుర్తొస్తుంది.

కొన్నేళ్ల తర్వాత మధురవాడ అవతల ఒక చిన్న తోటలో రెండు నెలలు ఇంటర్న్‌గా చేరాను. గడువు అయిపోయాక కూడా వెళ్లడం మానలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు అక్కడ పని చూపిస్తుంటాను. వాళ్లు అడిగే ప్రశ్నలు, నేను చేసిన తప్పులు, తోటలో కూలికి వచ్చే ఆడవాళ్లు నాకు నేర్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెబుతున్న తోటలు చిన్నవి. ముప్పై సెంట్లు ఉండొచ్చు, ఎకరం ఉండొచ్చు. ఎవరో ఇల్లు కట్టకుండా వదిలేసిన స్థలమో, ఆశ్రమం వెనక పెరడో, బడి ఆవరణో అయి ఉంటుంది. పండినదాంట్లో కొంత అమ్ముతారు. కొంత అంగన్‌వాడీకో, వృద్ధాశ్రమానికో, దగ్గర్లోని బస్తీకో తక్కువ ధరకు గానీ ఊరికే గానీ ఇస్తారు. పండించేవాళ్లు, వండేవాళ్లు, తినేవాళ్లు ఒకరికొకరు తెలిసి ఉండటం ఇక్కడ ముఖ్యం. అందుకే ఇంటర్న్ పని కోతతో అయిపోదు. మీరు కోసిన తోటకూర కట్ట ఏ వంటింటికి వెళ్లింది, వండారా, పిల్లలు తిన్నారా, పారేశారా అన్నది తెలిసేదాకా ఆ కట్ట మీ బాధ్యతే.

ఏ నెలలో చేరాలి

డిగ్రీ పిల్లలకు మే, జూన్‌లలో ఖాళీ దొరుకుతుంది కాబట్టి ఎక్కువమంది అప్పుడే వస్తారు. రోహిణి కార్తె ఎండలో, సముద్రం ఉక్కలో ఆ పని కష్టం. తోటలో తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, ఆనప, బీర తప్ప పెద్దగా ఏమీ ఉండవు. కానీ నీటి విలువ తెలిసేది ఆ నెలల్లోనే. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే మడులు ఎలా సిద్ధం చేస్తారో కూడా చూస్తారు.

మీ చేతిలో ఉంటే మాత్రం నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఎంచుకోండి. మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, టమాటా, వంగ, చిక్కుడు అన్నీ ఒకేసారి మడుల్లో ఉంటాయి.

రెండు నెలలకు తక్కువైతే చేరవద్దని నా సలహా. మెంతికూర 20–25 రోజుల్లో కోతకు వస్తుంది, తోటకూర 25–30 రోజుల్లో. ముల్లంగికి 40–50 రోజులు కావాలి. బెండ తొలి కాయ కోయడానికి కూడా దాదాపు అంతే. టమాటా నారు నాటాక 60 రోజులు దాటితే గానీ పండు చేతికి రాదు. నెల రోజులకే వెళ్లిపోతే మీరు చల్లిన విత్తు ఎవరి కంచం చేరిందో చూడకుండానే వెళ్లిపోతారు. రెండు నెలలుంటే తోటకూరను రెండుసార్లు చల్లి, రెండుసార్లు కోయొచ్చు. మొదటిసారి చేసిన తప్పు రెండోసారి దిద్దుకోవచ్చు.

తోటను వెతకడం, చూసి రావడం

ఇలాంటి తోటలకు పెద్ద బోర్డులు ఉండవు. ముందు రైతుబజారుకు వెళ్లండి. మధ్యలో దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలుపెట్టిన బజార్లు ఇవి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, మీకు ఏది దగ్గరైతే అక్కడికి పొద్దున్నే వెళ్లి ఆకుకూరలు అమ్మేవాళ్లతో మాట్లాడండి. ఎవరు మందు కొట్టకుండా పండిస్తున్నారో, ఎవరి తోట ఊళ్లోనే ఉందో వాళ్లకు తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ కింద ప్రకృతి వ్యవసాయం కోసం పనిచేసే సిబ్బంది, ఉద్యాన శాఖ కార్యాలయం, మేడ తోటలవాళ్ల వాట్సాప్ గ్రూపులు కూడా దారి చూపిస్తాయి. మీ వీధి అంగన్‌వాడీ టీచరమ్మను కూడా అడగండి. ఆకుకూర ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడ చెప్పగలిగితే మీరు వెతుకుతున్న తోట ఆ దారిలోనే దొరకొచ్చు.

తోట దొరికాక చేరతానని వెంటనే చెప్పకండి. ఒక పూట వెళ్లి నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది నీళ్లు. బోరా, కుళాయా, గెడ్డా? మన ఊళ్లో గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, మురుగు కలుస్తుంది. పచ్చిగా తినే కొత్తిమీరకు, చిన్నపిల్లలు తినే ఆకుకూరకు ఆ నీళ్లు పెడుతుంటే అక్కడ చేరకండి. సముద్రానికి దగ్గరగా ఉన్న తోటైతే బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడిపోతాయి, విత్తనం సరిగ్గా మొలవదు.

రెండోది మట్టి. ఈ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో అడగండి. మెకానిక్ షెడ్డు, పాత ఇనుప సామాను కొట్టు, పాత పెయింట్లు, బ్యాటరీలు పడేసిన చోటు అయితే సీసం లాంటి లోహాలు మట్టిలో ఉండిపోతాయి. వాటికి ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. మామూలు భూసార పరీక్షలో అవి తేలవు. ఇల్లు పడగొట్టిన రాళ్లూ రప్పలూ పోసి చదును చేసిన స్థలమైతే బయటి నుంచి మంచి మట్టి తెచ్చి ఎత్తు మడులు కట్టారా అని చూడండి. పోర్టు వైపో, పారిశ్రామిక వాడ పక్కనో ఉన్న తోటలో ఒక ఆకు మీద వేలితో రుద్దితే మసి అంటుకోవచ్చు. అలాంటి చోట కోసిన ఆకును ఎన్ని నీళ్లలో కడుగుతున్నారో అడగండి.

మూడోది మరుగుదొడ్డి. ఆడపిల్లలు మొహమాటపడి అడగరు. తీరా చేరాక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా పనిచేస్తారు. వేసవిలో అలా చేస్తే జబ్బు పడతారు. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు, తాగునీళ్లు ఉన్నాయో లేదో మొదటి రోజే చూడండి.

నాలుగోది లెక్క. "పోయిన వారం ఎన్ని కిలోలు కోశారు, ఎక్కడికి పంపారు?" అని నెమ్మదిగా అడగండి. అరిగిపోయినదైనా సరే, ఒక పుస్తకం తీసి చూపిస్తే చేరొచ్చు. ఫోన్లో ఫొటోలు తప్ప చూపించడానికి ఏమీ లేకపోతే ఇంకో తోట చూసుకోండి.

మాట ముందే రాసుకోండి

ఒక తెల్లకాగితం చాలు. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, స్టైపెండ్ ఉందా, మధ్యాహ్నం భోజనం ఎవరిది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, సర్టిఫికెట్ ఏ తేదీకి ఇస్తారు, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. చేర్చుకోవడానికే మీ దగ్గర డబ్బు అడిగితే చేరకండి. కాలేజీ తరఫున కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుగానో ఇంటర్న్‌షిప్‌గానో చేస్తుంటే లాగ్ బుక్ మీద ప్రతి శనివారం సంతకం తీసుకోండి. రెండు నెలలవీ చివరి రోజున ఒకేసారి రాయాలంటే ఏ మడిలో ఏ రోజు ఏం చేశారో గుర్తుండదు. అబద్ధం రాయాల్సి వస్తుంది.

ఇంకో మాట కూడా ఆ కాగితంలో ఉండాలి. మీరు వచ్చారని కూలి ఆడవాళ్ల పని దినాలు తగ్గకూడదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే వాళ్లకు ఆ రోజు కూలే ఆ రోజు బియ్యం. మీరు జీతం లేకుండా కలుపు తీస్తున్నందుకు ఒక అమ్మను ఇంటికి పంపేస్తే, పేదవాళ్ల తిండి కోసం పెట్టిన తోటే పేదవాళ్ల తిండి తీసేసినట్టు అవుతుంది. ఇది అడగడానికి టెన్షన్ పడకండి. మంచి తోటవాళ్లు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

ప్రయాణం సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మగపిల్లలు నెల పాసు తీసుకుంటే కలిసొస్తుంది.

చేరే ముందు టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. పొడుగు చేతుల చొక్కా, టోపీ, మడమ మూసే బూట్లు, రెండు లీటర్ల నీళ్ల సీసా, ఒక చిన్న కత్తి, గట్టి అట్ట ఉన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. మట్టి తడి ఆరకుండా ఆచ్ఛాదనగా పరిచిన ఎండాకుల కింద పాములు చేరతాయి. చేయి పెట్టే ముందు కర్రతో కదపండి. ఒకవేళ పాము కాటేస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం లాంటివేవీ వద్దు. కాటు పడిన కాలు కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ, విషానికి విరుగుడు మందు ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికి గానీ వెళ్లాలి.

మొదటి వారం చూడటానికే

మా తోటలో పిన్ని అని అందరం పిలిచే ఒకావిడ ఉంది. చేరిన రెండో రోజు నేను ఉత్సాహంగా నారుమడికి బిందెలకొద్దీ నీళ్లు పోస్తుంటే ఆవిడ వచ్చి, "ఏటమ్మా, మట్టి ముట్టుకోకుండానే నీల్లు పోసేత్తన్నావు?" అంది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడమంది. లోపల తడిగానే ఉంది. నాలుగు రోజులకు ఆ వంగ నారు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయింది. దాన్ని నారుకుళ్లు అంటారని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి వేలు గుచ్చి చూడకుండా నీళ్లు పెట్టలేదు.

అందుకే మొదటి వారం ఇలాంటి పిన్ని వెనకే తిరగండి. పెద్దవాళ్లను అమ్మా అని, అక్కా అని పిలవండి, పేరు పెట్టి పిలవకండి. కలుపు తీసే బొరిగెను ఆవిడ ఎలా పట్టుకుంటుందో, కలుపు వేరుతో సహా ఎలా లాగుతుందో చూడండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి నీడ ఎక్కడ పడుతుందో తోట పటం గీసి గుర్తుపెట్టండి. సముద్రపు గాలి ఏ వైపు నుంచి కొడుతుందో గమనించండి. ఆ వైపు అవిశ, మునగ చెట్లు వరసగా ఉంటే వెనకున్న ఆకుకూర బతుకుతుంది.

పేర్లు కూడా నేర్చుకోవాలి. వేరే జిల్లా నుంచి వచ్చిన పిల్లలు సొరకాయ అంటే ఇక్కడివాళ్లు ఆనపకాయ అంటారు. రాగులను చోళ్లంటారు. బరబాటి అంటే ఏంటని నన్ను చాలామంది అడిగారు, పొడుగు బొబ్బర్ల కాయలవి. విత్తనం డబ్బా మీద ఊళ్లో వాడే పేరే రాయండి, లేకపోతే మీ తర్వాత వచ్చేవాళ్లు తికమకపడతారు.

విత్తు, నీరు, ఎరువు

తోటకూర విత్తనం ఆవగింజ కంటే చిన్నది. చేత్తో చల్లితే ఒకచోట గుంపుగా పడుతుంది. గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లండి. పైన పల్చగా మట్టి కప్పి, నీళ్లు ధారగా కాకుండా జల్లులా పడేటట్టు చిల్లుల డబ్బాతో పెట్టండి. చీమలు విత్తనం ఎత్తుకుపోతాయి కాబట్టి మడి చుట్టూ రెండు రోజులు కన్నేసి ఉంచండి. పెద్ద గింజలకు ఒక లెక్క ఉంది. గింజ మందానికి రెండింతలు లోతు చాలు.

జీవామృతం అనే ద్రవ ఎరువు చేయడం మీకు తప్పకుండా అప్పగిస్తారు. చిన్న తోటకు 20 లీటర్ల నీళ్లకు చేసుకుంటే సరిపోతుంది. ఆవు పేడ ఒక కిలో, ఆవు మూత్రం ఒక లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, రసాయనాలు పడని చెట్టు కింద మట్టి ఒక గుప్పెడు. బెల్లం విషయంలో మనం అదృష్టవంతులం, అనకాపల్లి పక్కనే ఉంది. తెల్లగా మెరిసేది వద్దు, మందు కలపని నల్లబెల్లం అడగండి. డబ్బాను నీడలో పెట్టి, గోనెసంచి కప్పి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. 48 గంటలకు సిద్ధమవుతుంది, వారంలోపు వాడేయాలి. ఎకరానికి 200 లీటర్లు చెబుతారు కాబట్టి సెంటుకు రెండు లీటర్లు పడుతుంది. దానికి పది రెట్లు నీళ్లు కలిపి మొదళ్ల దగ్గర మట్టిలో పోయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది పేడతో చేసింది. కోతకు రెండు వారాల ముందు నుంచి ఆకుల మీద పడకుండా చూసుకోండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ ఆకు తినేది రెండేళ్ల పిల్ల కావచ్చు.

చేపల ఊరు కాబట్టి మన దగ్గర ఇంకో ఎరువు కూడా ఉంది. చేపలు కోసేవాళ్ల దగ్గర తలలు, పేగులు తెచ్చి, అంతే బరువు బెల్లం కలిపి, మూత ఉన్న డబ్బాలో నీడన మూడు నాలుగు వారాలు ఉంచితే చిక్కటి ద్రావణం అవుతుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి మొక్కలకు ఇస్తారు. డబ్బా నిండా నింపకండి, గాలికి పైన చోటు వదలండి. మూతకు గుడ్డ కట్టి గట్టిగా బిగించకపోతే పిల్లులు వదలవు.

ఎండాకులు మూడు పాళ్లు, వంటింటి చెత్త, పచ్చి కలుపు కలిపి ఒక పాలు, ఇది కంపోస్టు లెక్క. వాసన వస్తే ఎండాకు తక్కువైనట్టు. బీచ్ రోడ్డులో కొబ్బరి బొండాల డొక్కలు ఎన్ని కావాలన్నా దొరుకుతాయి. వాటిని ముక్కలు చేసి మడి అడుగున, మొక్కల మధ్యన పరిస్తే వేసవిలో తడి నిలుస్తుంది.

కోత, తూకం, కట్ట

ఇంటర్న్‌షిప్‌లో ఎక్కువ నేర్చుకునేది ఇక్కడే. కానీ చాలామంది దీన్ని ఫొటో తీసుకునే సమయంగా చూస్తారు.

ఆకుకూర ఎండ రాకముందు కోయాలి. నేను మొదటిసారి ఒంటరిగా కోసిన రోజు పదింటికి మొదలుపెట్టాను. కట్టలు కట్టి ఆటోలో వేసి పంపేసరికి పన్నెండు దాటింది. ఆకు వడలిపోయి నల్లబడింది. అంగన్‌వాడీ ఆయమ్మ ఏమీ అనలేదు. ఒక కట్ట విప్పి నాకు చూపించి, మళ్లీ కట్టి పక్కన పెట్టింది. ఆ రోజు పిల్లలకు వట్టి పప్పు వండారు. నా ఆలస్యం వల్ల ఇరవై ఐదు మంది పిల్లలకు కూర లేకుండా పోయిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాం. ఐదున్నరకు మడి దగ్గర ఉండాలి. గోంగూర, బచ్చలి మళ్లీ చిగురించాలి కాబట్టి కింద రెండు మూడు కణుపులు వదిలి కోయాలి. మందపాటి కాడ, పురుగు తిన్న ఆకు, పండుటాకు అక్కడే తీసేయాలి. మట్టి పోయేలా శుభ్రమైన నీళ్లలో మూడుసార్లు ముంచి తీసి, నీళ్లు కారాక అరటి నారతో వదులుగా కట్టాలి. తడి గోనెసంచి పరిచిన బుట్టలో నిలబెట్టి, పైన ఇంకో తడి సంచి కప్పాలి. ఏడున్నరకల్లా బుట్ట బయలుదేరాలి.

కట్ట లెక్క ఎవరికీ ఉపయోగపడదు, ఒకరి కట్ట ఇంకొకరి కట్టకు సగం ఉంటుంది. కిలోల్లో తూచండి. పుస్తకంలో తేదీ, మడి నంబరు, పంట, కోసిన బరువు, పంపిన బరువు, ఎక్కడికి, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది అని గళ్లు గీసుకోండి. చివరి గడిని ఖాళీగా వదలకండి. 12 కిలోలు కోసి పదిన్నర పంపితే మిగిలిన కిలోన్నర పురుగు తిన్నదా, అడిగినవాళ్లు లేరా, కోత ఆలస్యమైందా? నాలుగు వారాలు రాశాక తోట ఎక్కడ నష్టపోతోందో ఆ గడే చూపిస్తుంది. మా తోటలో ముల్లంగి ఆకు ప్రతిసారీ పారేస్తున్నామని ఒక ఇంటర్న్ అమ్మాయి రాసిన గడిలోంచే తెలిసింది. ఇప్పుడు దాన్ని పప్పులో వేసుకోమని విడిగా కట్టి ఇస్తున్నాం.

అమ్మకానికి వెళ్లేదాని ధర రైతుబజారులో ఆ రోజు బోర్డు మీద రాసిన ధరను బట్టి పెట్టడం తేలిక. అంతకంటే చాలా తక్కువకు అమ్మితే పక్కన గంప పెట్టుకుని కూర్చున్న ఆవిడ బేరం పోతుంది. తక్కువ ధర ఎవరికి కావాలో వాళ్లకు విడిగా ఇవ్వండి.

కట్ట వెంట వెళ్లండి

మూడో వారం నుంచి కనీసం వారానికి ఒకరోజు బుట్టతోపాటు మీరూ వెళ్లండి. అంగన్‌వాడీలో ఆయమ్మ ఆకు ఒలుస్తుంటే పక్కన కూర్చుని ఒలవండి. ఒక్కదానికి మూడు కిలోల ఆకు తుంచడానికి ఎంతసేపు పడుతుందో మీ వేళ్లకు తెలియాలి. వంట, పిల్లలు, రిజిస్టర్లు అన్నీ చూసుకునే మనిషికి శుభ్రం చేయని ఆకు ఇస్తే అది సాయం కాదు, ఇంకో పని.

ఎంత పంపాలో లెక్క వేసుకోండి. చిన్న పిల్లకు రోజుకు 50 గ్రాముల ఆకుకూర అనుకుంటే 25 మందికి కిలోంబావు. అది తినే భాగం బరువు, కాడలు పోతాయి కాబట్టి ఇంకొంచెం కలపాలి. పెద్దవాళ్ల సంగతి చూస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని ఉంది. బస్తీలో ఐదుగురున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు. కూలి డబ్బుతో అంత కొనగలరో లేదో ఆ రోజు బోర్డు ధరతో గుణించి చూడండి. నాకు ఈ పని మీద పట్టుదల పెరిగింది ఆ గుణకారం చేసిన రోజే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం పిండుకోవాలి, భోజనం కాగానే టీ తాగకూడదు. ఈ మాట కట్టతోపాటు చెప్పండి. ఉపన్యాసంలా కాదు, ఇంట్లో పిన్నికి చెప్పినట్టు.

చెప్పేదానికంటే వినేది ఎక్కువ ఉండాలి. మేము మొదట్లో పాలకూర బాగా వస్తోందని అదే పంపేవాళ్లం. ఒకరోజు ఉండి చూస్తే పిల్లలు పాలకూర పప్పు పక్కకు తోసేస్తున్నారు. "మా పిల్లలు తోటకూర వేపుడైతే తింటారు, గోంగూరైతే అడిగి వేయించుకుంటారు" అంది ఆయమ్మ. రెండు మడులు మార్చాం, అంతే. బస్తీకి మొదట పొద్దున వెళ్లేవాళ్లం, తలుపులు తాళం వేసి ఉండేవి. జాలరిపేట లాంటి చోట్ల ఆడవాళ్లు పొద్దున్నే చేపలు అమ్ముకోవడానికి వెళ్లిపోతారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లూ అంతే. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లడం మొదలుపెట్టాక బుట్ట ఖాళీ అవుతోంది. ఫ్రిజ్ లేని ఇంటికి రెండు రోజుల ఆకు ఒకేసారి ఇవ్వకండి. ఆకుకు బదులు ఆనపకాయ, కంద, చేమదుంప ఇస్తే నిల్వ ఉంటాయి.

ఊరికే తీసుకుంటున్నవాళ్ల ఫొటోలు తీయకండి. కాలేజీ రిపోర్టుకు ఫొటో కావాలంటే బుట్టది తీసుకోండి, మడిది తీసుకోండి. చేయి చాచిన మనిషిది వద్దు.

అడిగినవాళ్లకు విత్తనం, నారు ఇవ్వండి. పగిలిన బకెట్లో బచ్చలి కాడ గుచ్చితే బతుకుతుంది. ఇంటి ముందు ఒక తీగ పాకితే ఆ ఇంటికి వారానికి ఒక కూర దిగులు ఉండదు.

తుపాను కబురు వస్తే

అక్టోబర్, నవంబర్‌లలో ఉంటే ఇది మీ కళ్లముందు జరగొచ్చు. విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది, వాళ్ల ప్రకటనలు రోజూ చూడండి. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వినగానే తోటలో ఐదు పనులు వరసగా జరగాలి. కోతకు దగ్గరపడిన ఆకు, కాయ అంతా ముందే కోసి పంచేయాలి. షేడ్‌నెట్ విప్పి చుట్టేయాలి, లేకపోతే అది స్తంభాలను కూడా పెకలిస్తుంది. ఆనప, బీర పందిళ్ల మీద బరువు తగ్గించాలి. మడుల మధ్య కాలువలు తవ్వి నీరు బయటకు పోయే దారి చూడాలి. నారు ట్రేలు, విత్తనం డబ్బాలు, లెక్క పుస్తకం గదిలోకి చేర్చాలి.

గాలి మొదలయ్యాక తోటలో ఉండకండి, మీరు ఇంటికి వెళ్లిపోవాలి. తగ్గాక కరెంటు తీగలు తెగిపడ్డాయేమో చూసి మాత్రమే లోపలికి రండి. నిలిచిన నీరు మొదట తోడేయండి. మరునాడే తోటకూర, మెంతి చల్లండి. బజారులో ధర మండిపోయే రోజుల్లో మూడు నాలుగు వారాల్లో చేతికొచ్చేవి అవే.

చివరి వారం

కొత్త పనేదీ మొదలుపెట్టకండి. మీ మడులు ఇంకొకరికి అప్పగించాలి. ఏ మడిలో ఏ తేదీన ఏం చల్లారో, ఎప్పుడు కోతకు వస్తుందో ఒక అట్టముక్క మీద రాసి మడి దగ్గర గుచ్చండి. రెండు నెలల తూకాలు కూడి, ఎక్కడికి ఎన్ని కిలోలు వెళ్లాయో ఒక పేజీలో తెలుగులో రాయండి. ఆ పేజీ తోట యజమానికి ఒకటి, అంగన్‌వాడీ టీచరమ్మకు ఒకటి, కూలి ఆడవాళ్లకు చదివి వినిపించడానికి ఒకటి. కాలేజీ రిపోర్టు ఆ తర్వాత రాసుకోవచ్చు.

ముదిరిన తోటకూర కంకులు రెండు మూడు కోయకుండా వదిలి ఉంటారు. వాటిని కోసి, గుడ్డ మీద ఎండబెట్టి, నలిపి, చెరిగి, సగం తోట డబ్బాలో వేయండి. మిగతా సగం కాగితం పొట్లం కట్టుకుని మీ ఇంటికి తీసుకెళ్లండి. చివరి రోజు పొద్దున ఐదున్నరకు మడి దగ్గరికి మీ తర్వాత చేరబోయే పిల్లనో పిల్లాడినో రమ్మనండి. కత్తి వాళ్ల చేతికిచ్చి, కింద ఎన్ని కణుపులు వదలాలో చూపించి, ఆ రోజు బుట్టను వాళ్లతోనే నింపించండి. ఏడున్నరకు ఇద్దరూ కలిసి ఆయమ్మ దగ్గరికి తీసుకెళ్లండి.